ఈతకొలనుకు కప్పు పడ్డాక

"పాలు పొంగించిన తావ అది. ఆ పిల్ల లోపలికి రాదంటే రాదు, అంతే."

వరలక్ష్మమ్మ ఆ మాట అనడం పొద్దున్నుంచి నాలుగోసారి. హాలు వెనక కొత్తగా పెట్టిన తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది. ఒళ్లో కనకాంబరాలు, వేళ్ల మధ్య దారం. ఒకపక్క కోడలితో వాదిస్తూనే మాల కడుతోంది, ఒక్క ముడి కూడా తప్పడం లేదు.

ఆ తలుపుకు అవతల ఆమె భర్త వెంకటరమణ చక్రాల కుర్చీలో, నడుముకు తువ్వాలు చుట్టుకుని, ఎదురుగా వెచ్చగా ఆవిరి కక్కుతున్న నీళ్లను చూస్తూ కూర్చున్నాడు. ఇవతల ఇంటి ముందు వసారాలో, చెప్పులు మెట్టు మీద విడిచి, నర్సు ఎస్తేరు కూర్చుంది. ఇద్దరి మధ్యా ఉన్నది ఒక హాలు, ఒక దేవుడి గది, అత్తగారి కుర్చీ. ఎనిమిదింటికి నీళ్లలో దిగాల్సిన పెద్దాయన తొమ్మిదిన్నర దాటినా దిగలేదు.

"ఏడాదిన్నరగా మామను పట్టుకుని నడిపిస్తా ఉండేది ఆ పిల్లే కదత్తా. నిన్న మొన్నటిదాకా లేనిది ఈ రోజు ఏమొచ్చె?" పల్లవి గొంతు బాగా తగ్గించి అడిగింది. వసారాలోకి వినబడుతుందేమోనని ఆమె భయం.

వరలక్ష్మమ్మకు అలాంటి భయమేమీ లేదు.

"నిన్న మొన్నటిదాకా అది తొట్టి. ఆకాశం కింద ఉండె. బావి కాడికి ఎవురైనా వస్తారు, కాలవ కాడికి ఎవురైనా వస్తారు. నేనేమన్నా అంటినా? పక్క గేటులోనించి వచ్చె, పక్క గేటులోనించి పోయె. ఇప్పుడు దానికి కప్పేస్తిరి, గోడలు పెడితిరి. మొన్న అయ్యోరు వచ్చి పూజ చేసె, నేను పాలు పొంగిస్తి. ఇంగ అది ఇల్లు కాక ఏంది?"

బావి దగ్గరికి ఎవరైనా రావచ్చునట! ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఏ బావి దగ్గరికి ఎవరు వచ్చారో, ఎవరిని రానిచ్చారో అత్తగారికి తెలియదా? తెలుసు. అయినా ఎంత సులువుగా అనేసింది!

"పోనీ పక్క గేటే..." అనబోయి పల్లవి ఆగిపోయింది. పక్క గేటు సందులో ఇప్పుడు నీళ్లు వేడిచేసే మిషను కూర్చుని ఉంది. దాని పైపులు, దాని సిమెంటు దిమ్మె. మనిషి పక్కకు తిరిగి ఒరుసుకుంటూ పోతే తప్ప దారి లేదు. పోయినా ఆ వైపు తలుపు లేదు. అక్కడ మిషను పెట్టమన్నదీ తనే, హాల్లోంచి తలుపు పెట్టమన్నదీ తనే. డైనింగు టేబుల్ మీద గళ్ల కాగితం పరుచుకుని, స్కేలు పెట్టి గీసిన ప్లాను మొత్తం తనదే.

ఎందుకు గీసింది? కిందటి ఏడు జరిగింది ఇంకా కళ్ల ముందే ఉంది గనుక. పక్షవాతంతో కుడివైపంతా పడిపోయిన మామయ్య, ఎస్తేరు చేతుల్లో నీళ్లలో నడవడం నేర్చుకున్నాడు. దసరా నాటికి నేల మీద కూడా, వాకరు పట్టుకుని, వసారా నుంచి గేటు దాకా నడిచాడు. కార్తీకంలో వానలు పట్టుకున్నాయి. ఆ తర్వాత చలి. మూడు నెలలు కొలనులోకి మనిషి దిగలేదు. మాఘం వచ్చేసరికి పెద్దాయన మళ్లీ కుర్చీలో పడ్డాడు. తిరుపతి డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. "ఒకసారి పోయింది, కష్టపడి తెచ్చుకున్నారు. మళ్లీ పోగొట్టుకుంటే ఇక రాదమ్మా. ఏడాది పొడుగునా నీళ్లలో నడవాల్సిందే."

అప్పుడు మొదలుపెట్టింది పల్లవి. ఆరు నెలలు మొగుడి ప్రాణం తీసి, అత్తగారి కాళ్లావేళ్లా పడి, చిత్తూరు నుంచి మేస్త్రీ బాలచంద్రను పిలిపించి, అల్యూమినియం చట్రాలు, పైన పాలీకార్బనేట్ షీట్లు వేయించింది. బయట వాయుగుండం వాన కొడుతున్నా లోపల నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. ఇంతా చేసి, నడిపించే మనిషి వసారాలో ఉంది.

"మామ కాళ్లు ఏమైపోయినా పర్వాలేదా అత్తా నీకు?"

వరలక్ష్మమ్మ చేతిలో దారం ఆగింది. కళ్లెత్తి కోడలి ముఖంలోకి చూసింది.

"నలభై నాలుగేండ్లుగా కాపరం చేస్తా ఉండేదాన్ని నేను. ఆయన కాళ్ల గురించి నువ్వు నాకు చెప్తా ఉండావా?" దారాన్ని పట్టి లాగింది. మళ్లీ ముడి వేయసాగింది. "మునికుమారు ఉండాడు కదా, వాణ్ని దిగమను. మగోడు. కారు తోలేదానికి పనికొచ్చేవాడు ఈ మాత్రం పట్టుకోలేడా?"

*

మునికుమార్‌కు నీళ్లంటే కుళాయి కింద తప్ప అలవాటు లేదు. కాదనే ధైర్యమూ లేదు. ప్యాంటు విప్పి నిక్కరుతో, ముక్కు పట్టుకుని మెట్లు దిగాడు. నీళ్లు రొమ్ము దాకా వచ్చేసరికి వాడి ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

పల్లవి గట్టు మీదే నిలబడింది. మామగారిని ముట్టుకుని నడిపించడం ఈ ఇంట్లో కోడలు చేసే పని కాదు. నర్సుకైతే ఆడా మగా లేదని అప్పట్లో అందరూ ఒప్పుకున్నారు. అవసరం అలాంటిది మరి.

"చిన్నగా మునీ, చిన్నగా."

కుర్చీలోంచి నీళ్లలోని మెట్టు మీదికి దించిన పెద్దాయనను మునికుమార్ వెనకనుంచి చంకల కింద పట్టుకుని లేపాడు. అంతే, కుడికాలు మాట వినకుండా పైకి తేలిపోయింది. పెద్దాయన ఎడమచేత్తో పక్కనున్న కమ్మీని అందుకుని బిగబట్టాడు. నోరు తెరుచుకుంది. ఒక గుక్క నీళ్లు లోపలికి పోయాయి. దగ్గు, ఉక్కిరిబిక్కిరి.

"మామా! మునీ, తల పైకెత్తరా! తల!"

దబదబమని గోడ మోగింది. పల్లవి ఉలిక్కిపడి తిరిగి చూసింది. మబ్బుగా ఉండే షీటు అవతల ఆకుపచ్చ చుడీదారు మనిషి. వానలో, మిషను పైపుల మీదెక్కి, సందులో ఇరుక్కుని, రెండు అరచేతులూ షీటుకు ఆనించి నిలబడింది ఎస్తేరు.

"సంకల కింద పట్టుకోవద్దు మునన్నా! నడుము! నడుము పట్టుకో! ముందుకి రా, ముందుకి! ఆయనకి నీ మొకం కనబడల్ల!"

మునికుమార్ బెదిరిపోయి చెప్పినట్టే చేశాడు.

"పెద్దయ్యా, నేనే. ఈడే ఉండా. కిందకి సూడొద్దు, నా పక్కకి సూడు. కమ్మీ వదిలిపెట్టు. వదిలినావా? ఆ, ఇప్పుడు కుడికాలు. ఒకటి అను. అను పెద్దయ్యా."

పెద్దాయన తల షీటు వైపు తిరిగింది. దగ్గు తగ్గింది. జబ్బు పడ్డాక ఆయనకు మాటలు పోయాయి. ఊ అనడం, విసుక్కోవడం, అంతే. కానీ నీళ్లలో దిగి అడుగు వేస్తే అంకెలు వస్తాయి. డాక్టరుకే ఆశ్చర్యం అది.

"ఒ... కటి."

"ఇంకోటి."

"రెండు."

తలుపు దగ్గర కుర్చీ జరిగిన చప్పుడైంది. వరలక్ష్మమ్మ గడప మీద నిలబడి ఉంది. కొలను తవ్వించిన నాటి నుంచి ఆమె ఒక్కనాడూ ఈ వేళకు ఇటు రాలేదు. తొట్టి తవ్విన ఏడే మొగుడికి జబ్బు చేసిందని దాని మీద కోపం. ఈ అంకెల సంగతి పల్లవి చెబితే ఊ కొట్టిందే కానీ నమ్మలేదు.

"మూడు. నా... లుగు."

వరలక్ష్మమ్మ చేతిలోని మాల జారి కిందపడింది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రెండేళ్లయింది ఆ గొంతులో ఒక్క మాట విని. కళ్లల్లోంచి నీళ్లు జలజలా రాలాయి.  చూసింది కదా, ఇక ఈమె మనసు మారకుండా ఉంటుందా అనుకుంది పల్లవి.

"సూసినావా పల్లవీ!" అంది వరలక్ష్మమ్మ కళ్లు తుడుచుకుంటూ. "ఆ పిల్ల బయట నిలబడుకోని చెప్తే సాలు! లోపలికి వచ్చే పనే లేదు!"

నవ్వాలో, ఏడవాలో, తల గోడకేసి కొట్టుకోవాలో పల్లవికి తోచలేదు.

వాన పెద్దదైంది. కప్పు మీద కంకర రాళ్లు పోసినట్టు చప్పుడు. ఎస్తేరు గొంతు అందులో కలిసిపోయింది. పెద్దాయన ఆ గొంతు కోసం మెడ ఇటూ అటూ తిప్పాడు. పదకొండో అడుగు దగ్గర మునికుమార్ కాలు జారింది. ఇద్దరూ ఒక్కసారిగా మునిగారు.

ఎలా లేపారో, ఎవరు కేకలు పెట్టారో, పల్లవికి తర్వాత గుర్తు లేదు. చీరతోనే మెట్లు దిగింది. మామగారి బనీను పట్టుకుని లాగింది. కోడలు ముట్టుకుందే అని అప్పుడు మాత్రం ఎవరూ అనలేదు.

*

పల్లవి మొగుడు గిరిప్రసాద్ పదకొండింటికి వచ్చాడు. బంగారుపాళ్యం దాటి హైవే మీద వాళ్ల మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. ఇప్పుడు సీజను కాదు గనుక ఫోను చేసిన పావుగంటలో ఇంట్లో ఉన్నాడు. కొలను గదిలో రబ్బరు బద్దీలు బిగించే పని మిగిలి ఉందని బాలచంద్ర కూడా అదే కారులో వచ్చాడు.

ఎవరూ నొచ్చుకోకుండా పని జరిపించడంలో గిరిప్రసాద్ దిట్ట. ఫ్యాక్టరీలో కూలీలతోనైనా అంతే, ఇంట్లో ఆడవాళ్లతోనైనా అంతే. తల్లి చెప్పింది విన్నాడు. పెళ్లాం చెప్పింది విన్నాడు. తండ్రి ఒంటిమీద దుప్పటి సర్దాడు. తర్వాత బాలచంద్రను వెంటబెట్టుకుని కొలను చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

"ఇంతే కదా! దీనికి ఇంత రచ్చ యాల? వెనక గోడలో ఒక షీటు తీసి తలుపు పెడితే సరిపోతాది. ఏమప్పా బాలచంద్రా?"

"ఒక్క షీటే సార్. మధ్యాన్నానికి అయిపోతాది."

"వెనక అంటే?" పల్లవి అడిగింది.

"దొడ్డి పక్క. ఎస్తేరు మిషను లేని ఈ కుడి సందులోనించి అట్ల తిరిగి పోతే, ఇల్లు తొక్కే పనే లేదు."

కుడి సందులోంచి అలా తిరిగి పోతే మొదట గొడ్ల కొట్టం వస్తుంది. తర్వాత పనివాళ్ల మరుగుదొడ్డి. దాని పక్కన పేడ దిబ్బ.

"పేడ దిబ్బ పక్కనించి రమ్మంటావా ఆ పిల్లను?"

"దిబ్బ తీపిస్తాలే. సిమెంటు పోపిస్తా. కావాలంటే టైల్సు ఏపిస్తా. నీకేం కావల్ల చెప్పు."

"వెనకనించి వస్తే నేనేమీ అనను," అంది వరలక్ష్మమ్మ వెంటనే. "నేనేమన్నా రాక్షసినా? రోజూ ఆ పిల్లకి కాఫీ ఇస్తానా లేదా? పోయిన క్రిస్మసుకి చీర తెచ్చిపెట్టినానా లేదా? నాకు ఆ పిల్ల మీద ఏమీ లేదు. దేవుడి గది ముందరనించి పోకుండా ఉంటే సాలు."

"గిరీ, ఇది తప్పు."

"తప్పో ఒప్పో మల్లా మాట్లాడుకుందాం. నాయన నడవల్నా వద్దా? అది చెప్పు ముందు."

పల్లవి కుర్చీ వైపు చూసింది.  దుప్పటి కింద మామయ్య పాదాలు ఇంకా వణుకుతున్నాయి. మునికుమార్ వంటింటి గడపలో కూర్చుని తల తుడుచుకుంటున్నాడు. వాడు మళ్లీ నీళ్లలోకి దిగడు, ఉద్యోగం పోయినా దిగడు.

నిజం చెప్పాలంటే పల్లవికి కూడా లోపల ఎక్కడో ఊపిరి తేలికైంది. వెనక తలుపు పెడితే రేపు ఎనిమిదింటికి మామయ్య నీళ్లలో ఉంటాడు. ఇంట్లో గొడవ ఉండదు. అలా తేలికైనందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. 

"ఎస్తేరు ఒప్పుకుంటే కదా," అని మాత్రం అంది.

"ఒప్పుకోకేం? అడుగుదాం పదండి. నాయనను కూడా వసారాలోకి తోసుకురాండి. ఆయన ముందరే మాట్లాడదాం."

*

ఎస్తేరు నిలువునా తడిసి ఉంది. ఇందాక పల్లవి ఇచ్చిన తువ్వాలు మడత విప్పకుండా అరుగు మీద అలాగే ఉంది. గిరిప్రసాద్ విషయం చెబుతున్నంతసేపూ ఆమె అతని ముఖం మీదినుంచి చూపు తిప్పలేదు.

"దొడ్డి పక్కనించా అన్నా?"

"టైల్సు ఏపిస్తానమ్మా."

"టైల్సు సంగతి కాదన్నా. నిన్నటిదాకా ముందు గేటులో వచ్చి, మీ అందరి ముందరా పక్క గేటు దాకా నడిచి పోయినాను కదా. రాత్రికి రాత్రి నాకేమి అంటుకునె?"

"నీకేమీ కాలేదు. రూము మారింది అంతే. అమ్మ పెద్దది. ఆమె నమ్మకాలు ఆమెకుంటాయి. నువ్వు చదువుకున్నదానివి, అర్థం చేసుకోవల్ల."

ఇది బాగుంది! చదువుకున్నవాళ్లు అర్థం చేసుకోవాలి, చదువుకోనివాళ్లు నమ్ముకోవాలి. ఎటు తిరిగినా సర్దుకోవాల్సింది ఎస్తేరే.

ఎస్తేరు వరలక్ష్మమ్మ వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"బావి కాడికి ఎవురైనా వస్తారన్నావు కదా పెద్దమ్మా, ఇందాక. వసారాలోకి వినబడె. మా పేట పిలకాయల్ని ఏ బావి కాడికీ రానీలేదు. మా నాయన నల్లరాయి క్వారీలో పని చేసేవాడు. ఈత రాకుండా ఉంటే యాడన్నా పడి సస్తానని, రాయి తీసేసిన గుంతలో వాన నీళ్లు నిలబడితే అందులో నేర్పినాడు నాకు. ఆ ఈతతోనే మీ ఇంటాయన్ని మోస్తా ఉండా."

వరలక్ష్మమ్మ నేల చూపులు చూసింది.  

వానచుక్కలు వసారా అంచున టపటపా పడుతున్నాయి. ఎవరూ ఎవరినీ చూడడం లేదు. ఆ మౌనం గిరిప్రసాద్‌కు గిట్టదు. గొడవైనా భరిస్తాడు కానీ ఇలాంటి నిశ్శబ్దాన్ని భరించలేడు.

"సరే, మనమంతా యాల కొట్లాడేది? నడిచే ఆయన్నే అడుగుదాం." తండ్రి కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "నాయనా, నీకు అంతా అర్థమైతా ఉండాది కదా? ఎస్తేరు రేపటినించి ఎట్లొచ్చేది? ఇట్ల ఇంట్లోనించా, అట్ల దొడ్డి పక్కనించా? నువ్వే సూపించు. నువ్వెట్లంటే అట్ల."

పల్లవి గుండె ఒక్కసారిగా కుదుటపడింది. ఇంత సేపూ ఈ మాట తనకెందుకు తోచలేదా అనుకుంది. మామయ్య సంగతి తనకు తెలుసు. ఆదివారం ఎస్తేరు రాకపోతే అన్నం తినకుండా గేటు వైపే చూస్తూ కూర్చునే మనిషి ఆయన. పోయిన వారం జ్వరమొస్తే ఆమె చెయ్యి వదల్లేదు. ఆయన ఎటు చూపిస్తాడో అడగాలా?

అత్తగారికి కూడా అదే తోచినట్టుంది. ముఖం పాలిపోయింది. మొగుడు ఒక మాట అన్నాడంటే ఎదురు చెప్పిన మనిషి కాదు.

 వెంకటరమణ కళ్లు భార్య మీద నిలిచాయి, తర్వాత కొడుకు మీద. అప్పుడు చెయ్యి లేచింది. ఎడమ చెయ్యి కాదు, కుడిది. పడిపోయిన చెయ్యి. దుప్పటి మీదినుంచి అంగుళం, రెండంగుళాలు, రొమ్ము దాకా. ఇన్నాళ్లలో నేల మీద ఆ చెయ్యి అంత ఎత్తుకు లేవడం ఎవరూ చూడలేదు.

"అట్ల! ఇంగా పైకి పెద్దయ్యా, ఇంగా, భుజం బిగబట్టొద్దు..." అలవాటు కొద్దీ అనేసింది ఎస్తేరు. ముఖం వెలిగిపోయింది ఆ పిల్లకు.

చెయ్యి భుజం ఎత్తుకు వచ్చింది. వణుకుతూ పక్కకు తిరిగింది. వేళ్లు పూర్తిగా విచ్చుకోలేదు, అయినా ఎటు చూపిస్తున్నాయో పసిపిల్లలకు కూడా తెలుస్తుంది.

కుడి సందు. గొడ్ల కొట్టం దారి.

వరలక్ష్మమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. గిరిప్రసాద్ లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. "అయిపాయె కదా! నాయనే చెప్పినాడు," అన్నాడు ఎవరినీ చూడకుండా.

చెయ్యి ఇంకా అలాగే ఉంది. దించడం ఆయనకు చేతకాలేదు. దించమని ఎవరికీ తోచలేదు.

ఎస్తేరే దగ్గరికి వచ్చింది. మోచేతి కింద ఒక చెయ్యి, మణికట్టు కింద ఒక చెయ్యి పెట్టి, మెల్లగా ఆయన ఒళ్లోకి దించింది.

"సాలు పెద్దయ్యా. శానా సేపు లేపి పెడితే రాత్రికి భుజం నొప్పి పుడతాది."

పెద్దాయన ఆమె ముఖం వైపు చూడలేదు. ఎస్తేరు సంచి భుజాన తగిలించుకుని మెట్లు దిగి, చెప్పులేసుకుంది.

*

పల్లవి గొడుగు తీసుకుని పరుగెత్తేసరికి ఎస్తేరు గేటు దాటి, మామిడితోట పక్కనున్న మట్టిరోడ్డు మీద సగం దూరం పోయింది. ఇద్దరూ ఒకే గొడుగు కింద హైవే దాకా నడిచారు.  బస్సు ఆగే చోట మూసేసిన టీ బంకు చూరు కింద నిలబడ్డారు. లారీలు నీళ్లు చిమ్ముకుంటూ పోతున్నాయి.

"ఎస్తేరూ, రేపు వస్తావు కదా?"

ఎస్తేరు చున్నీ కొసలు పిండుకుంది.

"నాకు మాత్రం ఇష్టమా చెప్పు? నేను చెప్పినాను ఇంట్లో. వాళ్లు వినలే. మామ నడవకుండా పోతే ఎట్ల? నువ్వు రాకపోతే ఆయన..."

"ఆయన మల్లా పడిపోతాడక్కా. నాకు తెలుసు." ఎస్తేరు ముఖం మీది నీళ్లు తుడుచుకుంది. వాన నీళ్లో, మరేమిటో. "ఒకటి అడుగుతా. కోపం చేసుకోవద్దు."

"అడుగు."

"పెద్దమ్మ సంగతి నాకు మొదటి రోజే తెలుసు. అన్న సంగతీ తెలుసు. పెద్దయ్య సంగతి ఈ రోజు తెలిసె. నీ సంగతే తెలీలేదు. ఆ ప్లాను గీసింది నువ్వు కదా. నాకు కూడా సూపిస్తివి. నీళ్లెంత లోతు ఉండల్ల, కమ్మీలు ఎంత ఎత్తులో ఉండల్ల, అన్నీ నన్నడిగి గీస్తివి. హాల్లోనించి ఒకటే తలుపు పెట్టి పక్క దారి మూసేసేటప్పుడు, నేను ఎట్లొస్తాననుకుంటివక్కా?"

పల్లవికి ఆ ప్లాను గీసిన రోజు గుర్తుకొచ్చింది.

ఎండాకాలం సాయంత్రం అది. టేబుల్ మీద కాగితం. మిషను ఎక్కడ పెట్టాలా అని చూస్తూ పక్క సందు మీద గీత గీయబోయి పెన్సిలు ఆపింది. ఎస్తేరు? అనుకుంది. ఔను, స్పష్టంగానే అనుకుంది. హాల్లోంచి రానివ్వాలంటే అత్తతో మాట్లాడాలి. ఇప్పుడే ఎందుకు ఆ గొడవ, పని మొత్తం ఆగిపోతుంది, అప్పటికి చూసుకోవచ్చులే అనుకుంది. పెన్సిలు ముందుకు జరిపి, సందులో మిషను బొమ్మ గీసేసింది. లేచి వెళ్లి కాఫీ పెట్టుకుంది.

"నేను..." పల్లవి గొడుగును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "నాకు ఆ ఆలోచనే రాలేదు ఎస్తేరూ. నిజంగా."

ఎస్తేరు ఆమె కళ్లలోకి చూసింది. తప్పు పట్టినట్టు కాదు. రోజూ పెద్దాయన కాలు ఎంత వరకు వంగుతుందో చూసే చూపు అది. తర్వాత తల ఊపింది.

"సరే అక్కా."

పలమనేరు బస్సు వచ్చింది. ఎస్తేరు ఎక్కింది. రేపు వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. బస్సు కదిలిపోయాక కూడా పల్లవి గొడుగు పట్టుకుని అక్కడే నిలబడి ఉంది.

ఫోను మోగింది. గిరిప్రసాద్.

"యాడుండావు నువ్వు? ఈడ పని ఆగిపోయింది. బాలచంద్ర కోత మిషను పట్టుకోని నిలబడుకోనుండాడు. తలుపు యాడ కొయ్యల్లనో ప్లాను తెలిసిందానివి నువ్వే కదా, బిన్నా వచ్చి గీత గీసి పో."

పల్లవి ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, వానలో, ఇంటి వైపు ఒక అడుగు కూడా వెయ్యకుండా నిలబడింది.

"వినబడతా ఉండాదా? పల్లవీ?"